ముక్క ఎక్కడిది? కాగితంలో, గుడ్డలో స్త్రీల అస్తిత్వం

కొలాజ్ పుట్టిన సంవత్సరం 1912 అని కళాచరిత్ర పుస్తకాలు దాదాపు ఏకకంఠంతో చెబుతాయి. ఆ ఏడాది మే నెలలో పికాసో, పేము అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కను తన చిత్రంలో అతికించాడు. సెప్టెంబరులో బ్రాక్ గోడకాగితం కత్తిరించి బొగ్గు గీతల మధ్య అంటించాడు. అదే పారిస్‌లో అంతకు ఏడాది ముందు, 1911లో, సోనియా దెలోనే అనే చిత్రకారిణి అప్పుడే పుట్టిన కొడుకు చార్లెస్ కోసం గుడ్డపేలికలు కలిపి చిన్న దుప్పటి కుట్టింది. తాను పుట్టిన ఉక్రెయిన్‌లో రైతుల ఇళ్ళలో ఆడవాళ్ళు కుట్టే పద్ధతి అది. కుట్టడం అయ్యాక చూసుకుంటే క్యూబిస్టుల ఆలోచనలు అందులో కనిపించాయనీ, ఆ తర్వాతే తానూ భర్తా ఆ పద్ధతిని చిత్రాలకూ ఇతర వస్తువులకూ వాడటం మొదలుపెట్టామనీ ఆమె తర్వాతి కాలంలో చెప్పుకుంది. ఆ దుప్పటి ఇప్పుడు పారిస్‌లోని జాతీయ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది.

రెండూ ముక్కలు కలిపి చేసినవే. ఒకటి గోడకెక్కింది, రెండోది ఉయ్యాలలోకి వెళ్ళింది. పుట్టిన సంవత్సరాన్ని మాత్రం గోడను బట్టే లెక్కవేశారు. స్త్రీలు కాగితంతో, గుడ్డతో చేసిన ఈ పనిని కళాచరిత్ర చాలాకాలం ఏ వరుసలో కూర్చోబెట్టిందో తెలియడానికి ఈ ఒక్క ఏడాది తేడా చాలు.

గత యాభై ఏళ్ళుగా ఈ విషయం మీద రాస్తున్నవాళ్ళలో రెండు ధోరణులు కనిపిస్తాయి. ముక్కలు ఏరడం, దాచడం, కలపడం స్త్రీల సొంత కళాపద్ధతి అనీ, మరెక్కడా నోరు విప్పలేని స్త్రీ అందులో తన మాట చెప్పుకుందనీ ఒక పక్షం అంటుంది. అది చలికి కప్పుకోవడానికో, నాలుగు డబ్బులకో చేసిన పని, అందులో ‘నేను’ వెతకడం కడుపు నిండినవాళ్ళ ముచ్చట అని రెండో పక్షం. రెంటిలోనూ నిజముంది కానీ రెండూ ఒక సంగతిని దాటేస్తున్నాయి. ఖాళీ కాన్వాసు మీద వేసే రంగుకు గతం ఉండదు. కొలాజ్‌లో ప్రతి ముక్కకూ అంతకుముందే ఒక బతుకు ఉంది. ఎవరో కట్టి విడిచిన చీర, ఎవరో చదివి పారేసిన పత్రిక, ఇంకెవరిదో ఫొటో. ఆ ముక్క ఎక్కడిది, ఆమె చేతికి ఎలా వచ్చింది, కలిపాక ఎవరి పేరు మిగిలింది అని అడిగితే తప్ప అందులో ఎవరి అస్తిత్వం ఉందో తేలదని నా అభిప్రాయం. ఇక్కడ కొన్ని పనులను ఆ ప్రశ్నలతోనే చూస్తాను.

ముందు కాగితం. 1700లో ఇంగ్లండులో పుట్టిన మేరీ డెలనీకి పదిహేడో ఏట, అరవై దగ్గరపడ్డ మనిషికిచ్చి పెళ్ళి చేశారు. అతను పోయిన చాలా ఏళ్ళకు మనసుకు నచ్చినవాణ్ణి చేసుకుంది. 1768లో ఆయనా పోయాడు. 1772లో, 72వ ఏట, ఎర్రకాగితం ముక్కకూ పక్కనున్న జెరేనియం పూరేకుకూ రంగు సరిగ్గా కలిసిందని గమనించి కత్తెర పట్టుకుంది. చూపు ఆనక ఆపేసిన 1782 దాకా, పదేళ్ళలో దాదాపు వెయ్యి పూలమొక్కలను కాగితం ముక్కలతోనే తయారుచేసింది. నల్లరంగు పూసిన కాగితం మీద ఒక్కో మొక్కకు వందల ముక్కలు: రేకు నీడకు ఒకటి, ఈనెకు ఒకటి, కేసరానికి వెంట్రుకంత సన్నంగా మరొకటి. మూలన తన పేరులోని తొలి అక్షరాలను కూడా కాగితంతోనే కత్తిరించి అంటించేది. వెనక మొక్క శాస్త్రీయ నామం, చేసిన చోటు, తేదీ రాసేది. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ సంపుటాలను వృక్షశాస్త్రజ్ఞులు ఈనాటికీ మెచ్చుకుంటారు. ఆమెకు తీరిక ఉంది, డచెస్ స్నేహితురాలి ఇంట్లో ఆశ్రయం ఉంది, రాజుగారి తోటల నుంచి మొక్కలు వచ్చేవి. ఆ వెసులుబాటు కోట్లమంది స్త్రీలకు లేదు. అయినా ఇద్దరు భర్తల ఇంటిపేర్లు మోసిన స్త్రీ ముసలితనంలో తన పనికి తనే పేరు పెట్టుకుని తేదీ వేసుకోవడం చిన్న విషయంగా నాకు కనిపించదు.

తర్వాతి శతాబ్దంలో, 1860ల నుంచి, ఇంగ్లండు ఉన్నత కుటుంబాల స్త్రీలు విజిటింగ్ కార్డు సైజులో వచ్చిన ఫొటోలను కత్తిరించి, నీటిరంగుల బొమ్మల్లో అతికించి ఆల్బములు చేశారు. బాతుల శరీరాలకు బంధువుల తలలు పెట్టారు, పెద్దమనుషులను సాలెగూట్లో ఇరికించారు. మ్యూజియాలు వీటిని పట్టించుకున్నది ఈమధ్యనే. 2009లో షికాగోలోనూ, ఆ వెంటనే న్యూయార్క్‌లోనూ పెద్ద ప్రదర్శన జరిగింది.

అసలు చాలాసేపు ఆగి చూడవలసింది హన్నా హోఖ్ దగ్గర. 1889లో జర్మనీలోని గోతాలో పుట్టిన ఆమె 1916 నుంచి పదేళ్ళపాటు బెర్లిన్‌లో ఉల్‌స్టైన్ అనే పెద్ద ప్రచురణ సంస్థలో చేతిపనుల విభాగంలో ఉద్యోగం చేసింది. స్త్రీల పత్రికల కోసం ఎంబ్రాయిడరీ, లేసు డిజైన్లు గీయడం ఆమె పని. లక్షల ప్రతులు అమ్ముడుపోయే బొమ్మల వారపత్రికను కూడా అదే సంస్థ అచ్చువేసేది. అంటే ఆమె కత్తెరకు దొరికిన ఫొటోలూ, కుట్టు నమూనాలూ, జీతమూ ఒకే గుమ్మంలోంచి వచ్చాయి. 1918లో ఒక చేతిపనుల పత్రికలో రాస్తూ, కుట్టుపనికి చిత్రలేఖనంతో దగ్గరి చుట్టరికం ఉందనీ, మీ కుట్లలో మీరు మీ కాలాన్ని నమోదు చేస్తున్నారని మీరైనా గుర్తించండనీ కుట్టుపని చేసే స్త్రీలను హెచ్చరించింది. 1922లో చేసిన ఒక కొలాజ్‌లో లేసు నమూనా కాగితాలనే వాడి, దానికి ‘ఒక ముఖ్యమైన లేసు చొక్కా స్మారకానికి నమూనా’ అన్న పేరు పెట్టింది.

1920లో బెర్లిన్‌లో డాడా అనే కళా ఉద్యమపు తొలి అంతర్జాతీయ ప్రదర్శన జరిగినప్పుడు జార్జ్ గ్రోస్, జాన్ హార్ట్‌ఫీల్డ్ ఆమె బొమ్మలు పెట్టడానికి ఒప్పుకోలేదు. ఆమె సహచరుడు రావుల్ హౌస్‌మాన్ తన బొమ్మలూ తీసేసుకుంటానని పట్టుబట్టాక సరే అన్నారు. పాతలోకాన్ని కూల్చేస్తామని కేకలు వేసిన బృందం అది. ఆ ఉద్యమంలో పాల్గొన్న హాన్స్ రిక్టర్ తర్వాతెప్పుడో రాసిన జ్ఞాపకాల్లో కూడా, డబ్బుల్లేని రోజుల్లో ఆమె శాండ్‌విచ్‌లు, బీరు, కాఫీ ఎలాగో సమకూర్చేదని తలచుకున్నాడు.

ఆ ప్రదర్శనలో గోడకెక్కిన ఆమె ప్రసిద్ధ కొలాజ్ పేరులోనే వంటింటి కత్తి ఉంది: వైమార్ జర్మనీ చిట్టచివరి బీరుబొజ్జ సంస్కృతిని డాడా వంటింటి కత్తితో కోయడం. సుమారు 114 సెంటీమీటర్ల ఎత్తు, 90 సెంటీమీటర్ల వెడల్పు. దూరం నుంచి చూస్తే చక్రాలు, బేరింగులు, తలలు, గుంపులు, అచ్చక్షరాలు కలగాపులగంగా ఉంటాయి. దగ్గరికి వెళ్తే ప్రతి ముక్కా కావాలని పెట్టిందే. కుడివైపు పైన గద్దె దిగిన కైజర్ తల, అతని మీసాల స్థానంలో తలకిందులుగా ఇద్దరు కుస్తీవీరులు. ఎడమవైపు పైన ఐన్‌స్టీన్. ఇంచుమించు నడిమధ్యలో నృత్యకారిణి నిడీ ఇంపెకోవెన్ ఒళ్ళు గాలిలో ఎగురుతుంటుంది. ఆమె పైన తల ఉండవలసిన చోట చిత్రకారిణి కేథే కోల్‌విట్జ్ తల తేలుతుంటుంది. మగవాళ్ళు యంత్రాలకు చిక్కుకుని ఉంటే ఆడవాళ్ళు కదులుతూ ఉంటారు. చిట్టచివరగా కుడివైపు అడుగున చిన్న ఐరోపా పటం ఉంటుంది. స్త్రీలకు ఓటుహక్కు ఉన్న, రాబోతున్న దేశాలను చూపే పటం అది. జర్మనీ స్త్రీలకు ఓటుహక్కు వచ్చింది 1918 నవంబరులో, వాళ్ళు తొలిసారి ఓటు వేసింది 1919 జనవరిలో. ఆ పటం అంచున, చిత్రకారులు సంతకం పెట్టే చోట, హోఖ్ తన ముఖం ముక్కను చాలా చిన్నదిగా అంటించుకుంది.

అస్తిత్వ ప్రకటనలు చాలా చూశాం. ఇంత పొదుపైనది నేను చూడలేదు. నేనెవరినో చెప్పడానికి ఆమె తన ముఖాన్ని మధ్యలో పెద్దదిగా పెట్టుకోలేదు. నాకు ఇప్పుడిప్పుడే ఓటు వచ్చింది, నేను ఈ పటంలో ఇక్కడున్నాను అని చోటు చూపించింది. హిట్లర్ కాలంలో ఊరి చివర హైలిగెన్‌జే పేటలో చిన్న ఇల్లు కొనుక్కుని తన పనులనూ మిత్రుల పనులనూ దాచి కాపాడింది కాబట్టి ఇవాళ మనకు ఇంత వివరంగా తెలుస్తోంది.

ఇంత మెచ్చుకుంటూనే, ముక్క ఎక్కడిది అన్న ప్రశ్నను హోఖ్‌నూ అడగాలి. 1920ల నడుమ మొదలుపెట్టి ఆమె ‘ఒక జాతివస్తు సంగ్రహాలయం నుంచి’ అనే వరుస చేసింది. ఆఫ్రికా మొదలైన వలసదేశాల ముఖకవచాల, శిల్పాల ఫొటోలను పత్రికల్లోంచి తీసి తెల్లజాతి స్త్రీల శరీరాలకు అతికించింది. ఆ వరుసలో 1930 నాటి ఒక కొలాజ్ పేరు ‘భారతీయ నర్తకి’. అది న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో ఉన్న ముఖం సగం, సినిమాలో జోన్ ఆఫ్ ఆర్క్‌గా నటించిన ఫ్రెంచి నటి ఫాల్కొనెటిది. తక్కిన సగం కామెరూన్ చెక్క ముఖకవచం. తల మీద కిరీటంలో చెంచాలు, కత్తుల ఆకారాలు. పేరులో తప్ప భారతదేశం ఎక్కడా లేదు. స్త్రీని ప్రదర్శనవస్తువుగా చూసే సమాజాన్ని విమర్శించడానికే ఆమె ఆ పని చేసిందని విమర్శకులు చెబుతారు, నేనూ ఒప్పుకుంటాను. వంటింటి గరిటెల కిరీటం పెట్టిన చెయ్యి అది. కానీ ఆ కవచం వెనక ఉన్న కామెరూన్ మనుషులకు ఆ బొమ్మలో మాట లేదు. ఒక స్త్రీ తన అస్తిత్వాన్ని చెప్పుకోవడానికి వాడిన ముక్క ఇంకొకరి అస్తిత్వంలోంచి అడగకుండా కోసుకున్నది కావచ్చు.

ఆ మాట అందుకున్నవాళ్ళలో ముఖ్యురాలు వాంగేచి ముటు. 1972లో నైరోబీలో పుట్టిన ఆమె, గర్భాశయ కణితుల రకాలను చూపే పాత వైద్యచిత్రాల పుటల మీద ఫ్యాషన్ పత్రికల్లోంచి కోసిన కళ్ళు, పెదవులు, మెరుపుపొడి, బొచ్చు అతికించి నల్లజాతి స్త్రీల ముఖాలు తయారుచేసింది. 2006లో పూర్తయిన ఆ వరుసను చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. స్త్రీ శరీరాన్ని రోగంగా చూసిన కాగితమూ, దాన్ని సరుకుగా చూసిన కాగితమూ ఒకే ముఖంలో కలిశాయి. రెండు ముక్కలూ ఎక్కడివో ఆమె దాచిపెట్టలేదు.

ఇక గుడ్డ. దీనికి సిద్ధాంతం రాసినవాళ్ళు అమెరికాలోని మిరియం షపీరో, మెలిస్సా మేయర్. 1977-78లో ‘హెరెసీస్’ పత్రికలో వాళ్ళు రాసిన వ్యాసం ఈ చర్చకంతటికీ మూలం. స్త్రీలు తరతరాలుగా దాచిన, కుట్టిన, అతికించిన పనులన్నిటికీ వాళ్ళు ‘ఫెమ్మేజ్’ అని పేరు పెట్టి, గుర్తుపట్టడానికి పద్నాలుగు లక్షణాలు చెప్పారు. స్త్రీ చేసినదై ఉండాలి, దాచిపెట్టడం, ఏరడం అందులో ముఖ్యమై ఉండాలి, పాతగుడ్డల పునర్వినియోగం ఉండాలి, దగ్గరివాళ్ళ కోసం చేసినదై ఉండాలి అంటూ సాగే జాబితా అది. సగం లక్షణాలైనా ఉంటే చాలన్నారు. 1984లో రోజికా పార్కర్ కుట్టుపని చరిత్రను రాస్తూ, ఆడపిల్లకు అణకువ నేర్పడానికి చేతికిచ్చిన సూదే అణకువను ఎదిరించే సాధనం కూడా అయిందని చూపించింది. ఈ రెండు రచనలు లేకపోతే నేటి ప్రదర్శనశాలల్లో బొంతలకు చోటుండేది కాదు.

అయితే ఆ పద్నాలుగు లక్షణాల్లో దారిద్ర్యం లేదు, బానిసత్వం లేదు. హారియట్ పవర్స్ 1837లో అమెరికాలోని జార్జియాలో బానిసగా పుట్టింది. విముక్తి తర్వాత 1880ల్లో బైబిలు కథలను గుడ్డబొమ్మలుగా కత్తిరించి అతుకుపెట్టి ఒక దుప్పటి కుట్టింది. ప్రదర్శనలో చూసిన ఒక తెల్లజాతి చిత్రకళ ఉపాధ్యాయురాలు కొంటానంటే మొదట అమ్మనంది. తర్వాత ఇబ్బందులొచ్చి తనే తీసుకొచ్చి పది డాలర్లు అడిగింది, చివరికి ఐదుకు ఇచ్చేసింది. ఇచ్చేముందు ఒక్కో బొమ్మ అర్థమూ వివరించి చెప్పిందనీ, ఆ తర్వాత కూడా దాన్ని చూసుకోవడానికి వచ్చిపోయేదనీ కొన్నావిడ రాసిపెట్టింది. అలా రాసిపెట్టడం వల్లనే ఆ బొమ్మల అర్థం మిగిలింది. ఆ దుప్పటి వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థలో ఉంది, ఆమెదే మరొకటి బోస్టన్ మ్యూజియంలో ఉంది. అందులో మామూలు బైబిలు కథలతో పాటు ఆకాశంలో చుక్కలు రాలిన రాత్రి, ఎముకలు కొరికిన చలి గురువారం కూడా ఉన్నాయి.

అలబామాలో జీస్ బెండ్ అనే నదిమలుపు ఊరి స్త్రీల బొంతలను 2002లో హ్యూస్టన్‌లో, తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో పెట్టినప్పుడు విమర్శకులు వాటిని ఆధునిక నైరూప్య చిత్రాల సరసన నిలబెట్టారు. అందులో మిజూరి పెట్‌వే 1942లో కుట్టిన ఒక బొంత ఉంది. భర్త చనిపోయాక అతని పనిబట్టలన్నీ తీసి, కప్పుకుని ప్రేమ తలచుకోవడానికని కుట్టిందని ఆమె కూతురు చెప్పింది. మోకాళ్ళ దగ్గర పాలిపోయిన ప్యాంటు గుడ్డ, చెమటకు రంగుమారిన చొక్కాలు, జేబు విప్పిన చోట ఎండ తగలక మిగిలిన ముదురు నీలం. దీన్ని చిత్రకారుడు మాటీస్‌తో పోల్చడంలో తప్పు లేదు. కానీ పోలిక అక్కడితో ఆగితే ఆ గుడ్డ మీద మరకలు ఎవరివో మరుగున పడతాయి. అది ఒక పొలం కూలీ శరీరం. కుట్టిన భార్యదీ అదే బతుకు. ఇద్దరి అస్తిత్వాలూ ఆ బొంతలో వేరుచేయలేనంతగా కలిసిపోయాయి. 2007లో ఆ ఊరి స్త్రీలు కొందరు తమ డిజైన్ల హక్కుల గురించీ, రావలసిన డబ్బు గురించీ కోర్టుకు వెళ్ళారు. మరుసటేడు ఆ కేసులు రాజీలో ముగిశాయి. మెచ్చుకోలు, హక్కు ఒకటే దారిన రాలేదు.

ఫెయిత్ రింగ్‌గోల్డ్ ఈ రెండు లోకాల మధ్యా నిలబడిన మనిషి. చిత్రకళ చదువుకుంది, తల్లి విలీ పోజీ బట్టలు డిజైన్ చేసేది, పూర్వీకుల్లో బానిసగా బొంతలు కుట్టిన స్త్రీ ఉంది. 1980లో తల్లీకూతుళ్ళు కలిసి మొదటి బొంత కుట్టారు. మరుసటి ఏడు తల్లి పోయింది. తన ఆత్మకథ వేయడానికి ఎవరూ ముందుకు రాకపోతే 1983 నుంచి కథలను బొంతల మీదే రాయడం మొదలుపెట్టింది. 1988 నాటి ‘టార్ బీచ్’లో హార్లెం మేడ మీద పడుకున్న చిన్నపిల్ల ఆకాశంలోకి ఎగురుతుంది, చుట్టూ పూలగుడ్డల అంచు. ప్రచురణకర్త అక్కర్లేని పుస్తకం, చుట్టచుట్టి చంకన పెట్టుకుని తీసుకెళ్ళగల పుస్తకం అది.

పేరు లేకపోవడం ప్రతిసారీ అన్యాయమే అనుకోకూడదని చిలీ స్త్రీలు నేర్పారు. 1973లో పినోచెట్ సైనిక తిరుగుబాటు తర్వాత భర్తలు, కొడుకులు మాయమైన ఇళ్ళ ఆడవాళ్ళు శాంటియాగోలో చర్చి నీడన కూడి గోనెగుడ్డ మీద పేలికలతో బొమ్మలు కుట్టారు. వెనక ఆండీస్ కొండలు, పైన సూర్యుడు, కింద మూసేసిన ఫ్యాక్టరీ, ఉమ్మడి వంటశాల దగ్గర క్యూ, ఫొటో పట్టుకుని ‘ఎక్కడున్నారు’ అని అడిగే చిన్న గుడ్డబొమ్మ స్త్రీ. కొన్నిటిలో మాయమైన మనిషి చొక్కాముక్కే ఉంది. వెనకవైపు కుట్టిన చిన్న జేబులో కాగితం మీద కథ రాసి పెట్టేవారు. వాటిని రహస్యంగా విదేశాలకు పంపి అమ్మేవారు. పేరు రాస్తే ప్రాణం మీదికి వచ్చేది. ఇక్కడ పేరు దాచుకోవడమే తెగువ. అంతకు దాదాపు పదేళ్ళ కిందట, 1964లో, అదే దేశపు గాయని వియోలెతా పారా గోనెగుడ్డ మీద కుట్టిన బొమ్మలను పారిస్‌లో లూవ్ర్ భవనంలోని అలంకార కళల మ్యూజియంలో తన పేరుతో ప్రదర్శించింది. ఆ పేరుకు ఆనాడు భయం లేదు.

మన దేశానికి వస్తే, బెంగాల్ కాంతా గురించి అందరికీ తెలుసు. పాతచీరలు పొరలుగా పరిచి, అంచుల్లోంచి లాగిన రంగుదారాలతోనే కుట్టే పని. కోల్‌కతా గురుసదయ్ మ్యూజియంలో మానదాసుందరి దాసి అనే స్త్రీ పంతొమ్మిదో శతాబ్దంలో కుట్టిన కాంతా ఉంది. దేవతలు, సిపాయిలు, దొరలు, పల్లె మనుషులు అంతా అందులో ఉన్నారు. తండ్రి కోసం తన చేత్తో కుట్టానని దాని మీదే దారంతో రాసుకుంది. పుట్టింటికి కానుకగా ఇచ్చే గుడ్డ మీద పేరు రాసుకునే ధైర్యం ఆ కాలపు ఏ కాగితం మీదా ఆమెకు దొరికి ఉండదు.

బీహార్‌లో ముజఫర్‌పూర్ దగ్గర భుసురా ఊళ్ళో సుజనీ కథ వేరు. పసిబిడ్డను పాతగుడ్డల్లో చుట్టే సంప్రదాయం అది. 1980ల చివర విజీ శ్రీనివాసన్ నడిపిన అదితి సంస్థ సాయంతో మళ్ళీ నిలబడింది. వరకట్నం, ఆడశిశువుల హత్య, తాగుబోతు భర్తలు, ఎన్నికలు బొమ్మలకెక్కాయి. చాలాచోట్ల గీత గీసేది ఒకరు, కుట్టేది ఇంకొకరు, కొనేది నగరం. అందుకని అందులో గొంతు స్త్రీలది కాదనేవాళ్ళు ఉన్నారు. నాకు ఆ మాట సగమే ఒప్పుదల. కొనేవాళ్ళ కోరిక బొమ్మ ఎంపికలో ఉంటుంది నిజమే, కానీ కట్నం బొమ్మ కుట్టే స్త్రీ కట్నం గురించి పదిమందిలో కూర్చుని మాట్లాడుతూ కుడుతుంది. ఆ మాటలు అమ్మకానికి వెళ్ళవు.

కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. ఆ స్త్రీలు కుట్టే కవంది బొంత నాలుగు అంచుల నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుతుంది. మూలల్లో మడిచిన చిన్న గుడ్డ త్రికోణాలను పూలు అంటారు. అవి పెట్టకపోతే బొంత నగ్నంగా ఉన్నట్టేనని వాళ్ళ నమ్మకం. వాడకానికి ఆ పూలతో పనిలేదు. అవసరం కొద్దీ చేసినదానిలో ‘నేను’ ఉండదనేవాళ్ళు ఆ నాలుగు మూలలకు జవాబు చెప్పాలి.

తెలంగాణ తండాల్లో లంబాడీ స్త్రీల పేటియా (లంగా), కాంచళి (రవిక), టుక్రి (తలగుడ్డ) మన కళ్ళముందున్న గొప్ప గుడ్డ కొలాజ్. అద్దాలు, గవ్వలు, నాణేలు, ఉన్ని కుచ్చులు, రంగురంగుల అతుకులు. అక్కడ అస్తిత్వం ఒక్క మనిషిది కాదు. చూడగానే ఏ జాతి స్త్రీయో తెలుస్తుంది, మోచేతిపైన గాజులు చూస్తే పెళ్ళైందో లేదో తెలుస్తుంది. ఇప్పటి ఆడపిల్లలు రోజూ చీరో, చుడీదారో వేసుకుని, తీజ్ పండుగకూ సేవాలాల్ జయంతికీ ఆ ఉడుపు బయటికి తీస్తున్నారు. మరోవైపు ముసలమ్మలు అమ్ముకున్న పాత పేటియాలను ముక్కలు కోసి హ్యాండ్‌బ్యాగులుగా, దిండుగలీబులుగా అమ్ముతున్నారు. ఒక స్త్రీ ఏళ్ళ తరబడి కలిపినదాన్ని మళ్ళీ ముక్కలు చేయడం ఇది. ఆ బ్యాగు కొన్నవాళ్ళకు అది ఏ తండాదో, ఎవరి పెళ్ళినాటిదో చెప్పే చీటీ ఉండదు.

నర్సాపురం లేసు కొలాజ్ కాదు, అయినా ఇక్కడ తప్పక చెప్పుకోవాలి. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర పశ్చిమ గోదావరిలో తిరిగి 1982లో పుస్తకం వేసింది. ఒకరు పువ్వులు, చక్రాలు అల్లితే వాటిని కలిపి బల్లగుడ్డ చేసే అతుకుపని ఇంకొకరిది. కుట్టేవాళ్ళంతా ఆడవాళ్ళు, ఎగుమతి చేసేవాళ్ళు మగవాళ్ళు. వీళ్ళు గృహిణులు, తీరికవేళల్లో చేసుకుంటున్నారు అనే ఒక్కమాటతో రోజుకు గంటల తరబడి చేసిన కూలిపని లెక్కలోంచి జారిపోయిందని మీస్ చూపింది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకు రక్షణ దొరికింది, సంతోషం. అల్లిన స్త్రీ పేరు ఇంకా దొరకాలి.

కాగితం దగ్గరికి మళ్ళీ వచ్చి ఇద్దరి గురించి చెప్పాలి. చైనాలో షాన్‌షీ రాష్ట్రంలో కూ షూలాన్ 1920లో పుట్టింది. పదమూడుమంది బిడ్డల్ని కని పదిమందిని పోగొట్టుకుంది. 1985లో లోయలో పడి వారాల తరబడి స్పృహ లేకుండా ఉండి, లేచాక తాను పూలు కత్తిరించే దేవతనని చెప్పింది. అప్పటి నుంచి మట్టికొండ తొలిచిన గుహ ఇంటి గోడల నిండా రంగుకాగితాల ముక్కలతో ఒకే దేవతను మళ్ళీ మళ్ళీ అతికించింది. చుట్టూ సూర్యచంద్రులు, పక్షులు, పూలు, మధ్యలో గుండ్రటి ముఖంతో తను. 1996లో యునెస్కో ఆమెను జానపద కళాకారిణిగా గౌరవించింది. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ గోడ మీద తనను తాను దేవతగా నిలబెట్టుకుంది. దీన్ని మతిభ్రమ అనేవాళ్ళతో నాకు వాదన లేదు. ఆ గోడలు చూడమంటాను.

బెంగాల్‌లో షకీలా కథ ఇంకా దగ్గరిది. కూరగాయలు అమ్మే తల్లి కూతురు. బతుకుతెరువు కోసం పాత కాగితాలతో కొట్లకు సంచులు అంటించేది. తనను చిన్నప్పటి నుంచి ఆదరించిన చిత్రకారుడు బి.ఆర్. పనేసర్ కొలాజ్‌ల ప్రదర్శన చూశాక, అదే కాగితం, అదే జిగురుతో అట్టల మీద కూరగాయలు, పళ్ళు అతికించడం మొదలుపెట్టింది. క్రమంగా ఊరు, అల్లర్లు, దెబ్బలు తిన్న స్త్రీలు, కాళి వచ్చారు. ముస్లిం స్త్రీ కాళిని అతికిస్తే ఆ నల్లని ఒళ్ళంతా చింపిన పత్రికల కాగితమే. ఆమెకు కుంచె మీద అధికారం ఎవరూ ఇవ్వలేదు. జిగురు, చింపడం తెలిసిన చేతులు ముందే ఉన్నాయి. కూలిపనిలో నేర్చిన నైపుణ్యమే కళలో నైపుణ్యమైంది. కొలాజ్ పేదస్త్రీకి తలుపు తెరిచిందని చెప్పడానికి నేను చూపగలిగే బలమైన రుజువు ఇదే.

తెలుగు ఇళ్ళలో ఈ విషయం బొంతతో మొదలవ్వాలి. నేతచీర ఎంత ఉతికితే అంత మెత్తబడుతుంది కాబట్టి పసిబిడ్డ కింద పరిచే బొంతకు అమ్మమ్మ కట్టి విడిచిన చీరే కావాలనేవారు. చిరిగినవి లోపలి పొరల్లోకి, కాస్త బాగున్నది పైకి, అంచు తీసి చుట్టూ బద్దీగా. పెద్ద సూదితో వరసలు వరసలుగా కుట్లు. ఎవరి చీర ఎక్కడ పడిందో కుట్టినామెకు నోటిలెక్క. ఇప్పుడు మిల్లు దుప్పట్లు చవకయ్యాయి, చీరలు ఎక్కువగా పాలిస్టర్ అయ్యాయి, కుట్టే చేతులు ముసలివయ్యాయి. మన కవిత్వాన్నీ జానపద గేయాలనూ సేకరించినంత శ్రద్ధగా బొంతలను ఎవరూ నమోదు చేసినట్టు కనబడదు. హారియట్ పవర్స్ దుప్పటి కొన్నావిడ చేసినపాటి పని చాలు: కుట్టినామె పేరు, ఊరు, సంవత్సరం, ఏ ముక్క ఎవరిదో ఆమె నోటితో చెప్పగా రాసి, ఒక ఫొటో తీసి పెట్టడం. జిల్లాకొక కాలేజీ తెలుగు శాఖ, చరిత్ర శాఖ విద్యార్థులు ఒక వేసవిలో చేయగలరు. డెబ్బై, ఎనభై దాటిన స్త్రీలు ఉన్నంతలోనే అది జరగాలి.